ప్రకటన ఈమెయిళ్లలో బొమ్మ నివాసం: ఒక చరిత్ర

వ్యాపార సంస్థలు ఖాతాదారులకు వేల, లక్షల సంఖ్యలో పంపే ప్రకటన ఈమెయిళ్లు గ్రహీత ఇన్‌బాక్స్‌లో పడతాయా, స్పామ్ ఫోల్డర్‌లోకి పోతాయా, లేక గ్రహీత మెయిల్ సర్వర్ గడప దగ్గరే తిరస్కరణకు గురవుతాయా అన్న అంశాన్ని ఆ వృత్తిలోని వారు డెలివరబిలిటీ అని వ్యవహరిస్తారు. దీన్ని నిర్ణయించే వాటిలో పంపే సర్వర్‌కున్న పేరుప్రతిష్ఠలు, గ్రహీతల ఫిర్యాదులు, పంపినవారి గుర్తింపు రుజువులు ముందువరుసలో నిలుస్తాయి; ఉత్తరంలో కనిపించే బొమ్మ ఏ కంప్యూటర్‌లో, ఎవరి డొమైన్ కింద నిల్వ ఉందన్న ప్రశ్న మాత్రం చాలాకాలం సాంకేతిక సిబ్బంది చూసుకునే చిల్లర వ్యవహారంగానే మిగిలిపోయింది. అయితే గడిచిన మూడు దశాబ్దాల చరిత్రను వరుసగా పరిశీలిస్తే, ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబు ప్రతి దశలోనూ ఉత్తరం గమ్యాన్ని ప్రభావితం చేసిందనీ, మొదట పరిమాణానికీ ఖర్చుకూ సంబంధించిన లెక్కగా ఉన్నది క్రమంగా నమ్మకానికి సంబంధించిన పరీక్షగా మారిందనీ తెలుస్తుంది. బొమ్మకు దొరికిన ప్రతి నివాసాన్నీ ఎవరో ఒకరు దుర్వినియోగం చేయడం, దాన్ని అడ్డుకోవడానికి పెట్టిన కట్టడి నిజాయితీగా వ్యాపారం చేసుకునే వారిపైనా పడటం, వారు మరో నివాసం వెతుక్కోవలసి రావడం అనే క్రమమే ఈ చరిత్రను నడిపింది.

ఈమెయిల్ పుట్టుకలో బొమ్మకు చోటు లేదు. 1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లోని దాదాపు 400 మందికి పంపిన ఆహ్వానం తొలి సామూహిక ప్రకటన ఈమెయిల్‌గా చరిత్రకెక్కింది. అది పూర్తిగా అక్షరాలతో నిండినదే. జాన్ పోస్టెల్ రూపొందించగా 1982 ఆగస్టులో ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సి 821 పేరుతో వెలువడిన ఎస్‌ఎంటీపీ, అంటే ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు ఉత్తరాన్ని అందించే నియమావళి, ఏడు బిట్ల ఆస్కీ అక్షరాలను మాత్రమే మోయగలిగేది, ఒక్కో వరుస 1000 అక్షరాలను మించకూడదని షరతు కూడా పెట్టింది. ఎనిమిది బిట్లతో ఏర్పడే బొమ్మ ఫైలును ఆ దారిలో పంపాలంటే ముందుగా దాన్ని అక్షరాల వేషంలోకి మార్చాలి. 1980లో బర్కిలీలో మేరీ ఆన్ హోర్టన్ రాసిన యూయూఎన్‌కోడ్ ఆ పని చేసినా, పంపేవారూ అందుకునేవారూ ఇద్దరూ ఆ విద్య తెలిసినవారైతేనే అది ఉపయోగపడేది. ఈ లోటును నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి 1992 జూన్‌లో ప్రచురించిన మైమ్ ప్రమాణం తీర్చింది. ఒకే ఉత్తరంలో అక్షరం, బొమ్మ, శబ్దం వేర్వేరు భాగాలుగా ఎలా ఇమడాలో అది నిర్దేశించింది. ప్రమాణం వెలువడక ముందే, ఆ ఏడాది మార్చి 11న, బోరెన్‌స్టీన్ తన నలుగురు సభ్యుల గాన బృందం ఫోటోను, వారి పాట రికార్డింగును జతచేసి పంపిన సందేశం ఈ పద్ధతికి తొలి ప్రయోగంగా నిలిచింది.

మైమ్ ఇచ్చిన మొదటి నివాసం ఉత్తరం కడుపులోనే. బేస్64 అనే సంకేత పద్ధతి ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మారుస్తుంది కాబట్టి బొమ్మ పరిమాణం మూడో వంతు మేర పెరుగుతుంది. వరుసల విరుపులు కూడా కలుపుకుంటే 100 కిలోబైట్ల ఫోటో దాదాపు 137 కిలోబైట్లవుతుంది. 1990ల నడుమ ఇళ్లలో వాడిన 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద అంతటి ఉత్తరం దిగడానికి దాదాపు 40 సెకన్లు పట్టేది. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ ప్రారంభించిన హాట్‌మెయిల్ తొలినాళ్లలో ఒక్కో ఖాతాకు ఇచ్చిన స్థలం 2 మెగాబైట్లే గనుక, అలాంటి ఉత్తరాలు 15 వచ్చేసరికి పెట్టె నిండిపోయి, ఆ తర్వాతివి వెనక్కి తిరిగిపోయేవి. పంపేవారి లెక్క మరింత భారమైనది. లక్షమందికి ఆ ఫోటోను ఉత్తరంలోనే పెట్టి పంపితే, ఎవరు తెరిచారు, ఎవరు తెరవలేదన్న భేదం లేకుండా 13 గిగాబైట్లకు పైగా సమాచారాన్ని సర్వర్ తోయాలి. అదే ఫోటోను వెబ్ సర్వర్‌లో ఉంచి, ఉత్తరంలో దాని చిరునామా మాత్రమే రాస్తే, తెరిచిన వారికి మాత్రమే బొమ్మ వెళ్తుంది.

ఈ రెండో పద్ధతి సాధ్యం కావడానికి హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్ పేజీలను రాసే గుర్తుల భాష, ఈమెయిల్‌లోకి రావడమే కారణం. 1990ల రెండో సగంలో నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్లు ఉత్తరాన్ని వెబ్ పేజీలా చూపడం మొదలుపెట్టాక, బొమ్మను ప్రస్తావించడానికి రెండు మార్గాలు ఏర్పడ్డాయి. ఒకటి ఉత్తరంలోని ఒక భాగానికి గుర్తింపు సంఖ్య ఇచ్చి, దాన్ని సీఐడీ అనే లంకెతో పిలవడం. 1998 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 2387, 2392 దీన్ని స్థిరపరిచాయి. రెండోది మామూలు వెబ్ చిరునామాతో బయటి సర్వర్ నుంచి బొమ్మను రప్పించడం. మొదటిది చదివేవారికి ఇంటర్నెట్ లేకపోయినా బొమ్మ కనిపించేలా చేస్తుంది, పదేళ్ల తర్వాత తెరిచినా బొమ్మ అక్కడే ఉంటుంది. రెండోది ఉత్తరాన్ని తేలిక చేస్తుంది, పంపాక కూడా బొమ్మను మార్చే వీలు ఇస్తుంది. వ్యాపార ప్రపంచం దాదాపు ఏకగ్రీవంగా రెండోదాన్నే ఎంచుకుంది.

ఆ ఎంపికలో బ్యాండ్‌విడ్త్ ఆదా ఒక కారణం మాత్రమే. అంతకంటే బలమైన ఆకర్షణ మరొకటి ఉంది. బయటి సర్వర్ నుంచి బొమ్మ దిగిన ప్రతిసారీ ఆ సర్వర్ చిట్టాలో ఒక నమోదు పడుతుంది: ఏ సమయంలో, ఏ ఐపీ చిరునామా నుంచి, ఏ సాఫ్ట్‌వేర్‌తో అడిగారో అందులో ఉంటుంది. ఒక్కో గ్రహీతకు వేర్వేరు చిరునామా గల బొమ్మను కేటాయిస్తే, ఎవరు ఎప్పుడు ఉత్తరం తెరిచారో పంపినవారికి తెలిసిపోతుంది. ఇందుకోసం కంటికి కనిపించని, ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు గల పారదర్శక బొమ్మను ఉత్తరం అడుగున అతికించే అలవాటు పుట్టింది. 1999లో భద్రతా పరిశోధకుడు రిచర్డ్ స్మిత్ వీటిని వెబ్ బగ్స్ పేరుతో వివరించి, చదివేవారికి తెలియకుండా సాగే ఈ నిఘాను బహిరంగ చర్చలోకి తెచ్చాడు. స్పామ్ పంపేవారికి ఇది మరో విధంగా లాభించింది. యాదృచ్ఛికంగా అల్లిన లక్షల చిరునామాల్లో ఏది సజీవమో పిక్సెల్ పిలుపును బట్టి తేల్చుకుని, ఆ జాబితాలను అమ్ముకునే వీలు కలిగింది.

దీనికి ప్రతిస్పందనగానే మెయిల్ సాఫ్ట్‌వేర్లు బయటి బొమ్మలకు తలుపు మూశాయి. ఔట్‌లుక్ 2003 వాటిని ముందస్తుగానే ఆపివేసి, చదివేవారు అనుమతిస్తేనే దింపింది. 2004 ఏప్రిల్ 1న వచ్చిన జీమెయిల్ కూడా అదే విధానాన్ని అనుసరించింది. ఆ ఏడాది ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌కూ ఆ కట్టడి వచ్చింది. ఫలితంగా మొత్తం ప్రకటనను ఒకే పెద్ద బొమ్మగా తయారుచేసి పంపే సంస్థల ఉత్తరాలు ఖాళీ చతురస్రాలుగా కనిపించసాగాయి. ఇది పైకి ప్రదర్శన సమస్యలా తోచినా, దాని పర్యవసానం చేరిక మీద పడింది: ఏమీ కనిపించని ఉత్తరాన్ని చదివేవారు తొలగిస్తారు, విసుగుపుడితే స్పామ్ అని నొక్కుతారు, ఆ నొక్కులే మర్నాటి ఉత్తరాల దారిని నిర్ణయిస్తాయి. చదివేవారి గోప్యతను కాపాడాలన్న ఈ నిర్ణయం పూర్తిగా న్యాయమైనది. దాని భారాన్ని మాత్రం పిక్సెల్‌తో గూఢచర్యం చేసినవారికంటే, దుకాణం ఫోటోలు చూపించాలనుకున్న చిన్న వ్యాపారులే ఎక్కువగా మోశారు.

ఇదే కాలంలో సర్వర్ల దగ్గర వడపోత యంత్రాంగం కూడా పెరిగింది. 1997లో పాల్ విక్సీ ప్రభృతులు నడిపిన ఆర్‌బీఎల్ అనే నిరోధక జాబితా స్పామ్ పంపే ఐపీ చిరునామాలను నమోదు చేసేది. మరుసటి ఏడాది లండన్‌లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ స్పామ్‌హౌస్‌ను స్థాపించాడు. ఈ జాబితాలు ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో చూసేవి గానీ, లోపల ఏముందో చూసేవి కావు. లోపలి విషయాన్ని తూచే పనిని 2001లో జస్టిన్ మేసన్ విడుదల చేసిన స్పామ్‌అసాసిన్ చేపట్టింది. అది వందల సూత్రాలతో ఉత్తరాన్ని పరీక్షించి, ఒక్కో అనుమానాస్పద లక్షణానికి కొన్ని పాయింట్లు వేసి, మామూలు అమరికలో మొత్తం 5కు చేరితే స్పామ్ అని ముద్ర వేస్తుంది. ఆ సూత్రాల్లో ఒక వర్గం ప్రత్యేకంగా బొమ్మలకు సంబంధించినది: హెచ్‌టీఎంఎల్ ఉత్తరంలో బొమ్మతో పాటు 400 బైట్లలోపు అక్షరాలే ఉంటే ఒక సూత్రం, అంతకంటే కొంచెం ఎక్కువుంటే మరొకటి, ఇలా మెట్లు మెట్లుగా 3200 బైట్ల వరకు ఉన్నాయి, బొమ్మ ఆక్రమించిన వైశాల్యానికీ అక్షరాలకూ ఉన్న నిష్పత్తిని కొలిచేవి వేరే ఉన్నాయి. ప్రకటన రంగంలో నేటికీ వినిపించే అరవై శాతం అక్షరం, నలభై శాతం బొమ్మ అనే నియమం ఈ సూత్రాల నీడలోనే పెరిగిన వాడుక తప్ప, పెద్ద మెయిల్ సంస్థలు ప్రకటించిన కొలత కాదు.

బొమ్మ నివాసానికి సంబంధించిన అసలు మలుపు 2004లో వచ్చింది. అప్పటికి స్పామ్ పంపేవారు వైరస్ సోకిన ఇళ్ల కంప్యూటర్లను వాడుకుంటూ ఐపీ చిరునామాలను గంటగంటకూ మార్చేస్తున్నందువల్ల పంపే చోటును పట్టుకోవడం కష్టమైంది; వారు మార్చలేనిది, లేదా మార్చడానికి డబ్బు ఖర్చయ్యేది, ఉత్తరంలో ప్రచారం చేసే డొమైన్ మాత్రమే. జెఫ్ చాన్ ప్రారంభించిన ఎస్‌యూఆర్‌బీఎల్ ఈ గమనింపు మీదే నిలబడింది. అది ఉత్తరం లోపలి లింకుల్లోని డొమైన్లను జాబితా చేసి, డీఎన్‌ఎస్ ద్వారా, అంటే డొమైన్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చిచెప్పే ఇంటర్నెట్ వ్యవస్థ ద్వారానే, ఎవరు అడిగినా క్షణాల్లో జవాబిచ్చేది. ఆ ఏడాది సెప్టెంబరులో వెలువడిన స్పామ్‌అసాసిన్ 3.0 ఈ తనిఖీని తనలో కలుపుకుంది. ఉత్తరంలోని డొమైన్లన్నిటినీ ఏరి, నొక్కదగిన లింకులవి ముందు, ఫారాలవి తర్వాత, బొమ్మలవి ఆపైన, మామూలు అమరికలో 20 డొమైన్ల వరకు అది విచారిస్తుంది. 2010లో స్పామ్‌హౌస్ కూడా డీబీఎల్ పేరుతో డొమైన్ల జాబితాను తెచ్చింది. దీని అర్థం ఇంతే: బొమ్మను ఏ డొమైన్‌లో ఉంచారో ఆ డొమైన్ ఉత్తరం తరఫున సాక్ష్యం చెప్పే స్థితి వచ్చింది, ఆ సాక్షి చెడ్డపేరు మోసుకొస్తే ఉత్తరం బోనులో నిలబడుతుంది. పంపిన సర్వర్ ఎంత శుభ్రమైనదైనా, ఆ ఒక్క బొమ్మ చిరునామా చాలు.

ఈ కొత్త తనిఖీకి స్పామ్ ప్రపంచం ఇచ్చిన జవాబు 2006లో బయటపడింది, ఈ చరిత్రలో అదే అత్యంత విషమమైన ఘట్టం. డొమైన్ చిక్కితే పట్టుబడతామనుకున్నవారు అసలు డొమైనే లేని ఉత్తరం రాశారు. వారు అమ్మిన సరుకు నామమాత్రపు ధర పలికే షేర్లు. వాటిని కొనాలనుకునేవాడు తన బ్రోకర్ దగ్గరికి వెళ్తాడు గనుక నొక్కడానికి లింకు అక్కర్లేదు, షేరు పేరు తెలిస్తే చాలు. ఆ పేరును, ధర పెరుగుతుందన్న ప్రలోభాన్ని జిఫ్ బొమ్మగా గీసి, మైమ్ తొలినాటి పద్ధతిలో ఉత్తరం లోపలే దాచి పంపారు. వడపోతను తప్పుదారి పట్టించడానికి చుట్టూ అర్థంపర్థం లేని వాక్యాలు చల్లారు. బొమ్మల్లోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌ను వడపోతలు ఆశ్రయించగానే, ప్రతి ప్రతిలోనూ కొన్ని పిక్సెళ్లను మార్చడం, గీతలు, చుక్కలు కలపడం, ఒకే బొమ్మను కదిలే జిఫ్ పొరలుగా విడగొట్టడం మొదలైంది. పరిస్థితి ఎంత ముదిరిందంటే, 2007 మార్చి 8న అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ స్పామ్ ప్రచారాలకు గురైన 35 కంపెనీల షేర్ల లావాదేవీలను ఒకేసారి నిలిపివేసింది.

ఈ దాడి వల్ల ఉత్తరం కడుపులో బొమ్మ పెట్టే పద్ధతి వ్యాపార ఈమెయిళ్లకు దాదాపు మూసుకుపోయింది. అక్షరాలు తక్కువగా, లోపల పెద్ద జిఫ్‌తో వచ్చే ఏ ఉత్తరాన్నైనా వడపోతలు అనుమానించాయి. దుకాణం లోగోను నమ్మకంగా సీఐడీతో జతపరిచినవారి ఉత్తరాలకు కూడా అవే పాయింట్లు పడ్డాయి. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సి 2397 ప్రకారం బొమ్మను చిరునామా స్థానంలోనే అక్షరాలుగా రాసే డేటా యూఆర్‌ఐ పద్ధతిని కొందరు ప్రత్యామ్నాయంగా ప్రయత్నించినా, జీమెయిల్ దాన్ని చూపదు, 2007 నుంచి వర్డ్ ఆధారంగా ఉత్తరాలను చూపే డెస్క్‌టాప్ ఔట్‌లుక్ కూడా చూపలేదు. పైగా 102 కిలోబైట్లు దాటిన హెచ్‌టీఎంఎల్‌ను జీమెయిల్ మధ్యలోనే కత్తిరిస్తుంది. బయటి సర్వర్ తప్ప గత్యంతరం లేకపోయింది.

అయితే ఏ బయటి సర్వర్ అన్న ప్రశ్నకు తొలినాటి జవాబు ఉచిత చిత్ర నిలయాలు. 2003లో మొదలైన ఫోటోబకెట్, ఇమేజ్‌షాక్ వంటివి బొమ్మను ఎక్కించగానే ఎక్కడైనా అతికించుకోదగిన చిరునామాను చేతికిచ్చేవి, డబ్బు అడిగేవి కావు. సొంత వెబ్ సర్వర్ లేని చిన్న వ్యాపారికి ఇవి వరంలా తోచాయి. లోపలి బొమ్మలను వడపోతలు పట్టేస్తున్నాయని గ్రహించిన స్పామ్ ముఠాలకూ సరిగ్గా అలాగే తోచాయి. ఒకే పెద్ద లోగిట్లో వందమంది అద్దెకుండగా అందులో ఒక వాటాలో దొంగసొత్తు దొరికితే మిగతా వాటాల వారినీ పోలీసులు ఆరాతీసినట్టే, ఒక్క డొమైన్ కింద కోట్ల బొమ్మలు చేరిన చోట ఎవరి బొమ్మ ఎవరిదన్న భేదం వడపోతకు తెలిసే అవకాశం తక్కువ. నిరోధక జాబితాల నిర్వాహకులు ఈ చిక్కును ఎరుగుదురు. అందుకే పేరుమోసిన ఉమ్మడి డొమైన్లను నేరుగా జాబితాలో చేర్చకుండా మినహాయించేవారు, స్పామ్‌హౌస్ డీబీఎల్‌లో దుర్వినియోగానికి గురైన సక్రమ డొమైన్లకు వేరే సంకేతం కూడా ఉంది. కానీ మినహాయింపు అంటే మంచిపేరు కాదు. ఉమ్మడి డొమైన్ ఉత్తరానికి హాని చేయని రోజున కూడా దానికి బలం చేకూర్చదు, ఎందుకంటే అది ఎవరిదో తేలని సాక్ష్యం.

ఉచిత నివాసానికి మరో ప్రమాదం కూడా ఉంది, అది తర్వాత వెల్లడైంది. 2017 మధ్యలో ఫోటోబకెట్ తన నియమాలు మార్చి, ఇతర చోట్ల బొమ్మలు చూపే సదుపాయానికి ఏడాదికి దాదాపు 400 డాలర్ల రుసుము విధించింది. కట్టనివారి బొమ్మల స్థానంలో హెచ్చరిక పలక ప్రత్యక్షమైంది. అదే ఏడాది డ్రాప్‌బాక్స్ తన పబ్లిక్ ఫోల్డర్‌ను మూసివేసింది. 2023లో ఇమ్గర్ ఏ ఖాతాకూ చెందని, వాడుకలో లేని పాత బొమ్మలను తొలగించింది. అప్పటికే పంపేసిన ఉత్తరాలను వెనక్కి పిలిచి సరిదిద్దే మార్గం ఈమెయిల్‌లో లేదు గనుక, కోట్ల ఇన్‌బాక్సుల్లోని పాత ఉత్తరాలు బొమ్మల చోట గాయాలతో మిగిలిపోయాయి. వ్యాపార చరిత్రను, ప్రకటనల కళను అధ్యయనం చేసేవారికి ఇది నిజమైన నష్టం. 1950ల నాటి పత్రికా ప్రకటన గ్రంథాలయంలో పదిలంగా దొరుకుతుండగా, 2010 నాటి ఈమెయిల్ ప్రకటన అక్షరాల అస్థిపంజరంగా మాత్రమే దొరుకుతోంది.

సామూహిక ఈమెయిళ్లను వృత్తిగా పంపిపెట్టే సంస్థలు ఈ సమస్యకు మధ్యేమార్గం చూపాయి. 1995లో పుట్టిన కాన్‌స్టంట్ కాంటాక్ట్, 2001లో మొదలైన మెయిల్‌చింప్ వంటివి ఖాతాదారుల బొమ్మలను తమ సొంత డొమైన్ల కింద నిల్వ చేసి, స్పామ్ పంపేవారిని వెళ్లగొట్టి, ఆ డొమైన్ల పేరు కాపాడుకోవడంపై శ్రద్ధ పెట్టాయి. ఇదీ ఉమ్మడి నివాసమే అయినా ఇక్కడ కాపలా ఉంది. 2006 మార్చిలో అమెజాన్ ఎస్3 రావడంతో ఎంతటి నిల్వనైనా తక్కువ ధరకు అద్దెకు తీసుకోవడం సులువైంది. అయితే అమెజాన్ పేరుతోనే ఉన్న మామూలు చిరునామాను ఉత్తరంలో పెట్టినవారు మళ్లీ లక్షల అపరిచితులతో ఒకే పేరు పంచుకున్నవారే అయ్యారు. స్థలం ఎవరిదన్నది ముఖ్యం కాదు, తలుపు మీద ఎవరి పేరుందన్నదే వడపోతకు ముఖ్యమని అర్థమైనవారు డీఎన్‌ఎస్‌లోని సీనేమ్ అనే నమోదును ఆశ్రయించారు. ఇది ఒక డొమైన్ పేరును మరోదానికి మారుపేరుగా నిలిపే ఏర్పాటు. బొమ్మ నిజంగా ఎవరి సర్వర్‌లో ఉన్నా, ఉత్తరంలో మాత్రం పంపే సంస్థ ఉపడొమైనే కనిపిస్తుంది.

ఈ ఏర్పాటుకు విలువ తెచ్చింది పంపినవారిని రుజువు చేసే ప్రమాణాల వరుస. 2006 ఏప్రిల్‌లో ఎస్‌పీఎఫ్, 2007 మేలో డీకిమ్ ఆర్‌ఎఫ్‌సిలుగా వెలువడ్డాయి. ఏ సర్వర్లకు తన పేరుతో పంపే హక్కుందో డొమైన్ యజమాని ప్రకటించడం మొదటిది, ఉత్తరంపై గూఢసంకేత సంతకం చేయడం రెండోది. 2012 జనవరిలో ప్రకటితమైన డీమార్క్ ఈ రెంటినీ, చదివేవారికి కనిపించే పంపినవారి పేరునూ ముడివేసింది. ఈ మూడింట్లో ఏదీ బొమ్మ చిరునామాను తనిఖీ చేయదు. ఆ సంగతి స్పష్టంగా చెప్పడం అవసరం, ఎందుకంటే వృత్తిలో దీనిపై అపోహలు ఎక్కువ. అయితే మంచిపేరు ఐపీ చిరునామా నుంచి డొమైన్ మీదికి జరగడంతో, సంతకమూ లింకులూ బొమ్మలూ ఒకే డొమైన్‌ను చూపే ఉత్తరం తన పేరును తానే పోగుచేసుకుంటుంది, పొరుగువారి పాపం అంటకుండా ఉంటుంది. ఒక్క ఇబ్బంది మిగిలింది: 2010 జనవరిలో జీమెయిల్ ముందస్తు అమరికగానే హెచ్‌టీటీపీఎస్‌కు, అంటే భద్రమైన వెబ్ సంబంధానికి, మారాక, బొమ్మలనూ అలాగే అందించడానికి సొంత ఉపడొమైన్‌కు భద్రతా ధ్రువపత్రం కొనవలసి వచ్చేది, అది చిన్న సంస్థలకు అదనపు ఖర్చయ్యేది. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత ధ్రువపత్రాలను అందరికీ అందుబాటులోకి తెచ్చాక ఆ సాకు పోయింది.

2013 డిసెంబరు 12న గూగుల్ తీసుకున్న నిర్ణయం బొమ్మల చరిత్రను మరోవైపు తిప్పింది. అప్పటినుంచి జీమెయిల్ బయటి బొమ్మలను అనుమతి అడగకుండానే చూపింది గానీ, చదివేవారి కంప్యూటర్ నేరుగా పంపినవారి సర్వర్‌ను తాకకుండా, తన ప్రాక్సీ ద్వారా, అంటే మధ్యవర్తి సర్వర్ల ద్వారా బొమ్మను దింపి, పరీక్షించి, తన డొమైన్ నుంచే వడ్డించింది. చదివేవారి ఐపీ చిరునామా, ఊరు, సాఫ్ట్‌వేర్ వివరాలు పంపినవారికి అందకుండా పోయాయి. 2021 సెప్టెంబరు 20న ఐఓఎస్ 15తో యాపిల్ మరింత ముందుకు వెళ్లి, తన గోప్యతా సదుపాయాన్ని ఎంచుకున్నవారి ఉత్తరాల్లోని బొమ్మలను వారు తెరిచినా తెరవకపోయినా తానే ముందుగా దింపేసుకోసాగింది. దాంతో పిక్సెల్ ఆధారంగా తెరచినవారిని లెక్కించే పద్ధతి విశ్వసనీయత కోల్పోయింది. ఏళ్ల తరబడి ఈ లెక్క మీదే ఆధారపడిన వృత్తికి ఇది పెద్ద దెబ్బే అయినా, చదివేవారికి దక్కవలసిన హక్కు ఆలస్యంగానైనా దక్కిందనే చెప్పాలి. బొమ్మ నివాసం ప్రాధాన్యం మాత్రం తగ్గలేదు: వడపోత చూసేది ఉత్తరం మూలప్రతిలోని అసలు చిరునామానే, ప్రాక్సీ మార్చి చూపే చిరునామాను కాదు. పైగా ఇతర సైట్లు తన బొమ్మలను వాడకుండా కట్టడి పెట్టుకున్న సర్వర్, లేదా మెల్లగా స్పందించే సర్వర్, ప్రాక్సీకి బొమ్మను ఇవ్వకపోతే అందరికీ ఒకేసారి ఖాళీ చతురస్రమే మిగులుతుంది.

బొమ్మ చిరునామా నేరుగా గుర్తింపు వ్యవస్థలో భాగమైన సందర్భం కూడా ఒకటుంది. 2021 జులైలో జీమెయిల్ పూర్తిస్థాయిలో ఆమోదించిన, ఇన్‌బాక్స్‌లో ఉత్తరం పక్కన సంస్థ లోగోను చూపే బిమి ప్రమాణం ప్రకారం సంస్థ తన లోగో చిరునామాను డీఎన్‌ఎస్‌లోనే నమోదు చేయాలి, ఆ లోగో హెచ్‌టీటీపీఎస్ మీదే దొరకాలి, డొమైన్‌కు గట్టి డీమార్క్ విధానం ఉండాలి. ఇక 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ అమలుచేసిన నియమాలు జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి పంపేవారు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పాటించాలనీ, ఫిర్యాదులు 0.3 శాతాన్ని చేరకూడదనీ కోరాయి. ఈ నియమాల్లో చిత్ర నిలయాల ప్రస్తావన లేదు. అయినా ఫిర్యాదుల హద్దు ఇంత సన్నగా ఉన్నప్పుడు, బొమ్మలు దిగక ఖాళీగా కనిపించే ఒక్క విడత ఉత్తరాలు ఆ హద్దు వైపు నెట్టగలవు.

తెలుగువారికి ఈ చరిత్రతో ఒక ప్రత్యేక సంబంధం ఉంది. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చేరినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చి, ఆ కంప్యూటర్లు ఇళ్లకు చేరేవరకు చాలామందికి తెరమీద తెలుగు కనిపించే భరోసా లేదు. అందువల్ల తెలుగు మాటను బొమ్మగా మార్చి పంపడం ఆనాటి అవసరం. అవసరం తీరినా అలవాటు పోలేదు. వస్త్ర దుకాణాల పండుగ ప్రకటనల్లో, విదేశాల్లోని తెలుగు సంఘాల ఉగాది, సంక్రాంతి ఆహ్వానాల్లో నేటికీ వేదిక, తేదీ, సమయం అన్నీ ఒకే పోస్టరులో ఇమిడ్చి, ఆ పోస్టరును దొరికిన ఉచిత నిలయంలో ఎక్కించి పంపే తీరు తరచు కనిపిస్తుంది. వడపోతకు అలాంటి ఉత్తరంలో కనిపించేది ఎవరిదో తెలియని డొమైన్ చిరునామా ఒక్కటే. అంధులు వాడే తెర చదువరి సాఫ్ట్‌వేర్‌కు అది కూడా పనికిరాదు. అయిదేళ్ల తర్వాత ఆ సంఘం చరిత్ర రాయబోయేవారికి ఖాళీ చతురస్రమే దొరుకుతుంది. యూనికోడ్ తెలుగు ప్రతి ఫోన్‌లోనూ కనిపిస్తున్న ఈ కాలంలో సంఘాలు, దుకాణాలు, పత్రికలు విషయాన్ని అక్షరాల్లోనే రాసి, బొమ్మను అలంకారానికి పరిమితం చేసి, దాన్ని తమ సొంత ఉపడొమైన్‌లో ఉంచి, పంపిన ఉత్తరం ఎవరి పెట్టెలోనైనా మిగిలి ఉన్నంతకాలం ఆ చిరునామా చెడకుండా చూసుకోవాలి.